మేస్త్రికి నచ్చని ఆల్బమ్

టింకరింగ్ మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉండేది. కాకపోతే పూట గడిచేలోపు చల్లారిపోయేది. గుద్దుకుని సొట్టలు పడ్డ కార్లు ఆయన షెడ్డుకి వస్తే, రేకుని సుత్తితో కొట్టి సాపు చేసి పంపేవాడు. సుత్తి పట్టుకున్నాడంటే పక్కన పాట మోగాల్సిందే. ఏ పాట పడితే ఆ పాట కాదు, ఒకే ఒక్క రాక్ బ్యాండు పాటలు. నలుగురు మనుషులు, రెండు గిటార్లు, పిడుగుల్లాంటి డ్రమ్ములు. ఆ డ్రమ్ము దెబ్బకి తన సుత్తి దెబ్బ కలిపి కొట్టేవాడు. పక్కన పెయింటు పని చేసే బావమరిది, "ఈ బానెట్టుకి ఎన్ని పాటలు పట్టాయి బావా?" అని అడిగేవాడు. వాళ్ల షెడ్డులో పనిని గంటల్లో కాదు, పాటల్లో లెక్కపెట్టేవాళ్లు.

బావమరిదికి ఆ పిచ్చి అంటించింది కూడా మేస్త్రే. పెళ్లయిన కొత్తలో అత్తారింట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుని, ఇంకా మీసాలు రాని ఆ కుర్రాడి చెవిలో ఒక ఇయర్‌ఫోను పెట్టి, రెండోది తను పెట్టుకున్నాడట. అప్పటినుంచి ఇద్దరూ ఒక జట్టు. ఇంటావిడ మాత్రం వాటిని ఏనాడూ పాటలనలేదు. "మీ రేకుల చప్పుడు" అనేది.

చాలా ఏళ్లు కిమ్మనకుండా ఉన్న ఆ బ్యాండు ఉన్నట్టుండి కొత్త ఆల్బమ్ తెచ్చింది. పని ఆపేసి మరీ ఇద్దరూ కూర్చున్నారు. డ్రమ్ములు లేవు. గిటార్లు అటక మీద పెట్టేసినట్టున్నారు. ఒక పియానో, దాని పక్కన పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు పాటగాడి గొంతు. బావమరిది కళ్లు మూసుకుని వింటున్నాడు. మేస్త్రి రెండో పాటకే లేచిపోయాడు.

ఇక చూడాలి ఆ తిట్లు. వాళ్ల పనైపోయిందన్నాడు. ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకుంటే గుండెల మీద తన్నారన్నాడు. గోడ మీది వాళ్ల పోస్టరు చింపడానికి చేతులు రాక, దానికి అడ్డంగా ఒక కారు డోరు ఆనించాడు. మనుషులన్నాక మారతారు బావా అని బావమరిది అన్న పాపానికి ఒంటికాలి మీద లేచాడు. ఊళ్లో జరగబోయే ఆ బ్యాండు కచేరీకి ముగ్గురికీ టిక్కెట్లు తీసి ఉన్నా సరే, చచ్చినా రానన్నాడు. ఈసారి కోపం పూటలో చల్లారలేదు. షెడ్డులో పాట ఆగిపోయింది. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా పని చేసుకుంటున్నారు.

తమ్ముడికీ మొగుడికీ మధ్య ఇంటావిడ నలిగిపోయింది. అంత కాని పని వాళ్లేం చేశారో చూద్దామని, వంట చేసుకుంటూ ఆ ఆల్బమ్ పెట్టుకుంది. చిత్రమేమిటంటే ఆమెకి నచ్చింది. కూరగాయలు తరుగుతూ కూనిరాగం తీసేంతగా నచ్చింది. ఒక సెలవు రోజు, నాకోసం ఒక్క పాట వినండని మేస్త్రిని కూర్చోబెట్టింది. ఆమె అడిగితే కాదనలేడు. మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

పాట సగంలో పియానో ఆగిపోతుంది. గొంతొక్కటే గుసగుసలా సాగుతుంది. ఆమెకి ప్రాణం లేచొచ్చేది అక్కడే. సరిగ్గా అక్కడ మేస్త్రి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"అయిపోయిందిగా. పాటంటే ఇంతేనా?"

ఫోనులో గొంతు పాడుతూనే ఉంది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఈ మధ్య వెనకనుంచి పిలిస్తే ఆయన పలక్కపోవడం, దాన్ని తను నిర్లక్ష్యం అనుకుని సణుక్కోవడం గుర్తొచ్చి ఆమె మనసు చివుక్కుమంది. ఫోను తీసి ఆయన చెవికి ఆనించింది. మేస్త్రి మొహం పాలిపోయింది.

"ఇంకా పాడుతున్నాడా?" అన్నాడు.

"పాడుతున్నాడు."

మేస్త్రి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "మొదటి రోజే అనుమానం వచ్చింది, వాళ్లు గొంతు తగ్గించారా, నా చెవులు తగ్గాయా అని. నీ తమ్ముడు కళ్లు మూసుకుని వింటున్నాడు, నాకేమో సగం వినపడలేదు. తప్పు వాళ్లదైతే బాగుండుననిపించింది. పాత పాటలంటావా, అవన్నీ నోటికొచ్చు. వినపడకపోయినా వినేస్తాను."

ఇన్నేళ్లు రేకు మీద సుత్తి వేసిన మనిషి ఒక్కనాడూ చెవుల్లో దూది పెట్టుకోలేదు. పెట్టుకుంటే పాట వినపడదని. ఆ మాట అనబోయి ఆవిడ మింగేసింది. ఆయన తల దగ్గరికి తీసుకుని అలాగే నిలబడింది.

వాడికి చెప్పకు అని బతిమాలాడు మేస్త్రి. ఆవిడ చెప్పేసింది. బావమరిది ఎగతాళి చెయ్యలేదు, మర్నాడే బండెక్కించుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పోయిన వినికిడి తిరిగి రాదనీ, చెవికి మిషను పెట్టుకుంటే ఉన్నదానితో బాగానే నడుస్తుందనీ డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు మేస్త్రి, ఆ టిక్కెట్లు ఎవరికైనా ఇచ్చేశావా అని మెల్లగా అడిగాడు. ఇవ్వలేదన్నాడు బావమరిది.

చెవి మిషను వచ్చిన రోజు ముగ్గురూ షెడ్డులోనే కూర్చున్నారు. బావమరిది ఆల్బమ్ మొదటినుంచి పెట్టాడు. మేస్త్రి ఈసారి లేవలేదు. పియానో ఆగిన చోట కూడా కదలకుండా, ఊపిరి బిగబట్టి, చివరి పాట చివరి మాట దాకా విన్నాడు. తర్వాత బావమరిది కేసి తిరిగాడు.

"అంతా విన్నానురా. బాగాలేదు," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మళ్లీ పెట్టు."