రెండో అంతస్తులో పట్టిన గాలి

మొదటి జీతం చేతికొచ్చిన ఆ రోజుల్లో మనిషికి తనంత తెలివైనవాడు లోకంలో లేడనిపిస్తుంది. నాకూ అనిపించేది, మా నాయన ఎదురుపడనంతవరకు. విడవలూరు దగ్గర మాకు రెండు రొయ్యల గుంటలు. నేను రొయ్యల మేత అమ్మే డిపోలో కొత్తగా చేరిన గుమాస్తాను. నాయన నన్ను జన్మలో ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. తప్పు చేస్తే భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. (దెబ్బే నయం.)

అలాంటి నాయన ఒకరోజు డబ్బు నా చేతిలో పెట్టి, "నెల్లూరు పొయ్యి ఏరియేటర్ తీసుకురా రా. రెండో గుంటలోది చెడిపోయింది. మబ్బు పడితే రొయ్య బతకదు" అన్నాడు. నీళ్ళను చిమ్మి గుంటలోకి గాలి కలిపే యంత్రం అది. ఎండ కాసినన్నాళ్ళు ఎలాగో నెట్టుకురావచ్చు గాని, మబ్బు పట్టిందంటే నీళ్ళలో గాలి చాలక రొయ్యలు పైకి తేలి చచ్చిపోతాయి. ఆ గుంటలో ఉన్నది నాయన నాలుగు నెలల కష్టం. ఇదంతా తెలిసే బయల్దేరాను.

యంత్రాల కొట్టు వాళ్ళు భోజనానికి మూశారు. ఎండకు తట్టుకోలేక, కేవలం ఏసీ కోసం, ఎదురుగా ఉన్న మాల్‌లోకి దూరాను. రెండో అంతస్తులో ఒకాయన "రండన్నా, ఊరికే చూడండి" అంటూ నా కళ్ళకు ఒక డబ్బా తగిలించాడు. వీఆర్ హెడ్‌సెట్ అట. మరుక్షణం నేను ఆకాశమంత ఎత్తు మేడ అంచున, జానెడు చెక్క మీద నిలబడి ఉన్నాను. "అమ్మో, చచ్చాన్రోయ్!" అని అరిచి కూలబడి, చేతికందిన స్తంభాన్ని వాటేసుకున్నాను. (స్తంభం కాదు, ఆయన కాలు.) చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పరువు పోయిందన్న ఉక్రోషంతో "ఇంకోటి పెట్టు" అన్నాను. ఈసారి సముద్రం లోపల! సముద్రం పక్కనే పుట్టి, మోకాలి లోతు దాటని పిరికివాణ్ణి నేను. నా తల మీదుగా ఒక తిమింగలం తాపీగా ఈదుకుంటూ పోయింది. భయమూ సంతోషమూ కలిసి ఏడుపొచ్చేసింది. డబ్బా తీసేసరికి నా చెయ్యి జేబులో ఉంది. ఏరియేటర్ డబ్బుకు నా జీతంలో మిగిలింది కూడా కలిపి ఇచ్చేసి, అట్టపెట్టె చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

బస్సు పెన్న వంతెన ఎక్కాక తెలివొచ్చింది. ఇంటికి చేరగానే "స్టాకు లేదంట నాయనా, వారంలో వస్తాదంట" అని అబద్ధమాడి, పెట్టెను ఖాళీ మేత సంచిలో దాచాను. మర్నాడు తిరిగి ఇవ్వబోతే, విప్పిన పెట్టె వెనక్కి తీసుకోం అన్నారు. ఇక ఊరంతా ఎండను తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే సూర్యుడికి దణ్ణాలు పెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం తూర్పున నల్లటి మబ్బు లేచింది. గుంట గట్టు మీద చెమటలు కక్కుతూ "గాలి... గాలి చాలదు..." అని గొణుక్కుంటున్నానట. వెనక నుంచి అన్నం క్యారియర్‌తో వచ్చిన అమ్మ అది విని క్యారియర్ వదిలేసింది.

"అయ్యో నా బిడ్డా! వీడికి గాలి సోకిందే!"

గాలి అంటే మా అమ్మకు ఒకటే అర్థం, దయ్యం. మా వైపు గాలి సోకితే ఏ మతం వాళ్ళైనా దర్గా సాయిబు గారి దగ్గరికే పోతారు. "కాదమ్మా" అని నోటిదాకా వచ్చింది. కాదంటే మరి ఎందుకు గొణిగానో చెప్పాలి. నాయనకు నిజం చెప్పడం కన్నా దయ్యం పట్టడమే క్షేమమనిపించి, నోరు మూసుకుని, అమ్మ కేకకు పరుగెత్తుకొచ్చిన నాయన బండి మీద వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నాను.

సాయిబు గారు సాంబ్రాణి పొగ వేసి, నెమలీకల కట్టతో నా నెత్తిన కొట్టి, "చెప్పు! ఈ బిడ్డను యాడ పట్టుకున్నావు?" అని ఉరిమాడు. ఏ దయ్యాన్నైనా ఆయన అలాగే అడుగుతాడు. నాకు మాత్రం అంతా తెలిసే అడుగుతున్నాడనిపించింది. పొగకు ఊపిరాడటం లేదు. కిటికీలోంచి మబ్బు కనబడుతోంది. పక్కనే నాయన.

"నెల్లూరు మాల్లో సామీ," అన్నాను. "రెండో అంతస్తులో."

నెమలీకలు గాల్లోనే ఆగాయి. శ్మశానాల్లో పట్టినవాటిని, బావుల దగ్గర పట్టినవాటిని ఎన్నో వదిలించిన మనిషికి మాల్లో పట్టినది తగలడం అదే మొదలు. గడ్డం నిమురుకుని, "మరి... ఏమిస్తే పోతావు?" అన్నాడు.

"ఏరియేటర్! గుంటకి గాలి కావాల సామీ! ఆ డబ్బులు పోసి కండ్లకు పెట్టుకునే డబ్బా కొనేసినాను. మేత సంచిలో ఉండాది!"

"ఇన్నారా? గాలే మాట్లాడతా ఉండాది!" అని అమ్మ చేతులు జోడించింది. రొయ్యల మనిషి కాబట్టి, నేను చెప్పేది ఏ గాలో నాయనకు వెంటనే తెలిసిపోయింది. ఒక్కసారి కిటికీ వైపు చూసి, నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చి బండెక్కించాడు.

మేం చేరేసరికి గట్టు వెంబడి రొయ్యలు తేలుతున్నాయి. పక్క గుంట మామ తన దగ్గర ఊరికే పడున్న ఏరియేటర్ ఇచ్చాడు. నడుము లోతు నీళ్ళలో దాన్ని పట్టుకుని నిలబడ్డాను. చక్రాలు తిరిగాయి. గంపెడు రొయ్యలు పోయాయి, తక్కినవి మెల్లగా కిందికి దిగాయి.

గట్టు మీద కూలబడ్డాక నాయన భుజం మీది తువ్వాలు తీశాడు గాని, దులపలేదు. దాంతో మొహం తుడుచుకుని, నీళ్ళ వైపే చూస్తూ, "నీకు దయ్యం కంటే నేనే ఎక్కువైపోయినానా రా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

హెడ్‌సెట్‌ను సగం ధరకు అమ్మేశాం. అమ్మ మటుకు ఇప్పటికీ ఆ గాలి సాయిబు గారి మహిమతోనే వదిలిందని అందరికీ చెబుతుంది. నోరు తెరవడానికి సాంబ్రాణి పొగ కావలసి వచ్చిన ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. నాయన ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కాకపోతే ఆ రోజు నుంచి నాయన నా గదిలోకి రాబోయే ముందు వాకిట్లోనే ఒకసారి దగ్గుతాడు, నేను ఉలిక్కిపడకుండా.