యాస మీద కట్టని పాట

మా పక్క క్వార్టర్ తెలుగు అక్క ఛత్తీస్‌గఢ్‌లోని ఉస్లాపూర్‌లో బ్యూటీ పార్లర్ నడిపేది. ఎన్నికలొస్తే ర్యాప్ పాటల బీట్‌లో నాయకుల మీద హిందీలో పేరడీలు కట్టి ఫోన్లో వదిలేది. ముందు నాకు వినిపించేది. నేను నవ్వగానే, "నవ్వేవు సరే, ఎవుల మీద నవ్వేవు?" అని నిలదీసేది. నా జవాబు నచ్చకపోతే ఆ లైను తీసేసేది.

ఒకసారి ఓ పార్టీ మనిషి వచ్చి, ఎదుటి అభ్యర్థి ఛత్తీస్‌గఢీ యాసను వెక్కిరిస్తూ పాట కావాలన్నాడు.

"ఆయన వెయ్యని రోడ్డు మీద కడతాను. యాస మీద కట్టను" అంది అక్క.

"మద్రాసీలకు కామెడీ ఏం తెలుసు!" అని అతను విసురుగా లేచిపోయాడు.

అక్క నా వైపు తిరిగింది. "సూసేవా? మాయమ్మ హిందీ ఇని బజార్లో ఇలాగే నవ్వీవోరు."

ఆ కోపంతోనే కొత్త పాట కట్టింది. అందులో ఇద్దరు అభ్యర్థులూ ఒకే రోడ్డు గుంతలో స్కూటర్లతో సహా పడ్డారు. ఊరంతా ఆ పాటే మోగింది.

ఆ యాస అభ్యర్థి స్వయంగా పార్లర్‌కొచ్చాడు. "బేటీ, నన్నూ వదల్లేదేం?" అన్నాడు ఛత్తీస్‌గఢీలో.

అక్క కుర్చీ చూపించి, ఆయన భాషలోనే జవాబిచ్చింది.

"కూర్చోండి కాకా. రోడ్డు ఎప్పుడేస్తారో చెప్పండి, గుంతలోంచి మిమ్మల్ని నేనే లేపుతాను."