వానకు ఉబ్బిన తలుపులు

మొన్న కళ్యాణదుర్గం నుంచి చిన్నాయన కబురు పంపితే వెళ్లాను. మా నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు. చూపు దాదాపు పోయింది. మంచం కింది గోనెసంచిలోంచి మా తాత మూలమట్టం తీసి నా చేతిలో పెట్టాడు. నల్లటి చెక్క పిడి, దానికి అడ్డంగా బిగించిన ఉక్కు రేకు, ఇత్తడి రివిట్లు. తలుపు మూల సరిగ్గా ఉందో లేదో తేల్చేది అదే. మా వడ్రంగుల ఇంట్లో ఆయుధపూజకు మొదటి కుంకుమబొట్టు దానికే. తాత మట్టాన్ని పరీక్షించడమంటే తాతను అనుమానించినట్టే.

ఇల్లు పంచుకున్న రోజు పెద్దమనుషుల ముందు చిన్నాయన దాన్ని అడిగిన తీరు నేను మరిచిపోలేదు. "అన్నకు మట్టమెందుకప్పా? చెయ్యి వణుకుతాండాది. వంకర తలుపులకు మట్టంతో ఏం పని?" అందరూ నవ్వారు. ఆ మాట కంబదూరు దాకా పాకి, తర్వాత నాయనకు పని పిలుపులే తగ్గిపోయాయి. ఆ రోజు నాయన లేచాడు. లోపలికి పోయి, మట్టాన్ని రాతి మీద పెట్టి, రేకు కొసన సుత్తితో ఒకే ఒక్క దెబ్బ వేశాడు. "తీసుకపోనీలే" అని నాతో అని, పంచె కొంగుతో తుడిచి తెచ్చి తమ్ముడికిచ్చాడు.

ఆ తర్వాత చిన్నాయన చేసిన ఏ తలుపూ చట్రంలో కుదురుగా కూర్చోలేదు. పైమూల పట్టేసేది, కింది మూల బల్లి దూరేంత సందు. "వానకు ఉబ్బిందప్పా" అనేవాడు. "వాన యాడ పడిందన్నా? మాకూ చెప్తే శెనక్కాయ ఇత్తుకుంటాం గదా" అనేవాళ్లు రైతులు. నాయన ఆ మాటను నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుని, ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు. చివరికి చిన్నాయన పనిముట్లు మూట కట్టేసి బట్టల కొట్లో కుదిరాడు. మట్టాన్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు.

"పాడు నా చేతిలో ఉండెనా, మట్టంలో ఉండెనా? పోయేలోపల తెలుసుకోవల్ల. గీసి చూడప్పా" అన్నాడు ఇప్పుడు.

చెక్క అంచుకు మట్టం ఆనించి గీత గీశాను. తిరగేసి, అదే చోటునుంచి ఇంకోటి గీశాను. మట్టం సరైనదైతే రెండూ ఒకటైపోవాలి. పైకి పోయేకొద్దీ విడిపోయాయి.

"కలిసినాయా?"

"కలిసినాయి చిన్నాయనా."

కనిపించని చేతులను ఒళ్లో చాలాసేపు తడుముకున్నాడు. "అయితే నా చెయ్యే" అన్నాడు.

మట్టంతో బస్సెక్కాను. ఆ సాయంత్రం డైరీలో తేదీ కింద 'వాన లేదు' అని రాసుకున్నాను. ఏళ్లు గడిస్తే ఏదైనా అరుగుతుందనుకునేవాణ్ణి. రేకు అంచు అరిగింది. నాయన వేసిన దెబ్బ మాత్రం వేసిన చోటే ఉంది.