గోతంలో ఎలుగుబంటి

కార్తీక మాసం, మంగళవారం, మధ్యాహ్నం. స్థలం: గిద్దలూరు దగ్గర అటవీశాఖ వారి చిన్న ఆఫీసు. హాజరైనవారు: సెక్షన్ ఆఫీసరు గారు, పశువైద్యుడు గారు, రైతు గురవయ్య, ఆయన భార్య కోటమ్మ, నేను, ఒక యూరియా గోతం.

ఎక్కడికి వెళ్లినా డైరీలో ముందు హాజరు రాసుకోవడం నా పాత అలవాటు. ఆ రోజు పేజీలో మాత్రం ఒక తప్పు దొర్లింది. ఆ గదిలో ఉన్న ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాను; రెండుసార్లు పెట్టాల్సింది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నా పరువు పోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇప్పుడంటే విశ్రాంతిగా కూర్చుని నవ్వుకుంటున్నాను గానీ, అప్పట్లో నేను ఒక జిల్లా పత్రికకు అడవుల మీదా, అడవి జంతువుల మీదా పరిశోధన వార్తలు రాసే విలేఖరిని. ‘పరిశోధన’ అన్న ముక్క పత్రిక వాళ్లు ఇచ్చింది కాదు, విజిటింగ్ కార్డు మీద నేనే అచ్చు వేయించుకున్నాను. కళ్లకు నల్లద్దాలు, మెడలో కెమెరా, నెత్తికి రంగు. ఆ రంగు బస్టాండు దగ్గర దొరికే చౌక పొట్లం. నీడలో నల్లగానే ఉండేది, ఎండ తగిలితే నిగనిగలాడే వంకాయ రంగుకు తిరిగేది. “ఎండలో ఎక్కువ తిరగబాకండి” అని మా ఆవిడ రోజూ చెప్పేది. నా ఆరోగ్యం మీద ప్రేమ అనుకునేవాణ్ణి.

ఆ ముందు రోజు, సోమవారం, గిద్దలూరులో షేర్ ఆటో ఎక్కాను. ఆదివారమే కటింగు చేయించుకున్నందువల్ల మహా హుషారుగా ఉన్నాను. పక్కన గురవయ్య, అతని ఒళ్లో గోతం. గోతం కుట్టు ఊడిన చోట నల్లటి వెంట్రుకలు బయటికి తొంగిచూస్తున్నాయి.

“ఏంది తమ్ముడూ గోతంలో?” అన్నాను.

“గొర్రెబొచ్చు సారూ.”

“గొర్రెబొచ్చు ఇంత సాపుగా ఉంటాదా?”

“మంచి గొర్రెలు సారూ.”

“బొచ్చు పల్లె నుంచి టౌనుకు వస్తాది గానీ, టౌను నుంచి పల్లెకు పోతాదా?”

అతను గోతాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని మొహం అటు తిప్పేసుకున్నాడు. నేను గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. అది గొర్రెబొచ్చు కాదని నాకు తెలుసు. మరేమిటి? అతను పోయేది నల్లమల అంచు పల్లెకు. వెంట్రుకలు నల్లగా ఉన్నాయి. మనిషి అబద్ధం ఆడుతున్నాడు. నా పరిశోధక బుర్ర ఒక్క గంతులో అడవిలోకి దూకి ఎలుగుబంటి మీద వాలింది. ఆటో గుంతలో పడి అందరం ఎగిరినప్పుడు, గోతంలోంచి గుప్పెడు వెంట్రుకలు లాగి రుమాలులో కట్టుకున్నాను.

అతని వెనకే వెళ్లి తంగేడు పొద చాటున కూర్చుని చూశాను. మొగుడూ పెళ్లామూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ఆ వెంట్రుకలను వేరుశనగ చేను గట్టు పొడుగునా చల్లుతున్నారు. సాక్ష్యం మాయం చేస్తున్నారు! వెంటనే సెక్షన్ ఆఫీసరుకు ఫోను చేశాను.

“ఎలుగుబంటిని చంపారా? మీరు చూశారా?” అన్నారాయన.

“వెంట్రుకలు చూశాను సార్.”

“మిగతా ఎలుగుబంటి?”

“అది మీరు పట్టుకోవాల.”

మంగళవారం పొద్దున జీపు వెళ్లింది. గోతం పట్టుకున్నారు. గట్టు మీద చల్లిందంతా కూడా సాక్ష్యమేనని నేను పట్టుబట్టి, వంగి వంగి స్వయంగా ఏరాను. చీపురుతో ఊడ్చినా ఆ గట్టు అంత శుభ్రం కాదు. ఆఫీసుకు చేరకముందే ‘ఎలుగుబంట్ల వేట ముఠా గుట్టు రట్టు’ అని వార్త కూడా పంపేశాను.

ఆఫీసులో గురవయ్య దండం పెట్టాడు. “అది కటింగ్ షాపు జుట్టు సార్. అడవి పంది ముట్టె నేలకానించి వాసన పీలుస్తా వస్తాది. జుట్టు ముక్కులోకి పోతే తట్టుకోలేక ఎనక్కి తిరుగుతాది. మా పల్లెలో అందరం చల్లుతాం.”

“మరి ఆటోలో గొర్రెబొచ్చన్నావే?” అని నేను వేలు చూపించాను.

“కోసిన జుట్టని చెప్తే జనం ఊరుకుంటారా సారూ? నన్నూ గోతాన్నీ కలిపి రోడ్డు మీదికి తోసి, ఇంటికి పోయి తలకు పోసుకుంటారు!”

“దొరికినోళ్లందరూ ఇట్లనే కతలు చెప్తారు సార్. డాక్టరు గారిని పిలిపించండి” అన్నాను. చూశారా, నేను పడబోయే గోతికి పార నేనే తెచ్చుకున్నాను, కొలతలు కూడా నేనే ఇచ్చాను.

పశువైద్యుడు గారు వచ్చి రుమాలు విప్పారు. “ఎలుగుబంటని ఎవరన్నారు?”

“నేనే సార్. బాగా ముసలి ఎలుగు. మొదళ్ల దగ్గర తెలుపు తిరిగింది చూడండి” అన్నాను.

ఆయన ఆ కుచ్చును కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ పక్కనే వెళ్లి తల వంచి నిలబడ్డాను. ఎండ కుచ్చు మీద పడింది. నా నెత్తి మీదా పడింది. రెండు చోట్లా ఒకే వంకాయ పండింది.

డాక్టరు గారు కుచ్చును చూశారు, నా తలను చూశారు, మళ్లీ కుచ్చును చూశారు. “ఈ ఎలుగుబంటి రంగు వేసుకుంటుందండీ” అన్నారు మెల్లగా.

గురవయ్య గొంతు సవరించుకున్నాడు. “సారూ, మీరు కటింగ్ యాడ చేయించుకున్నారు?”

“బస్టాండు కాడ.”

“గోతం ఆడిదే సారూ.”

గోతం నిండా ఊరందరి జుట్టూ ఉంటే, నా చెయ్యి వెతికి వెతికి నా జుట్టునే పట్టుకుంది. సొంతవాళ్లంటే దానికి అంత అభిమానం. హాజరు పట్టీలో నన్ను రెండుసార్లు ఎందుకు రాయాల్సిందో ఇప్పుడు తెలిసింది కదా: గదిలో ఒకసారి, గోతంలో ఒకసారి.

“ఎలుగుబంటి తనంతట తనే వచ్చి లొంగిపోయింది” అని ఆఫీసరు గారు టేబులు పట్టుకుని నవ్వారు. కోటమ్మ మాత్రం నవ్వలేదు.

“మీ నవ్వులకేం సార్. ఈ ఏడు మాకు పండింది ఆ ఒక్క చేని చెక్కే. కాయ పీకే టైమొచ్చింది. ఈ అన్న గట్టంతా ఊడ్చి పెట్టినాడు. ఈ రాత్రి పందులు పడితే మేమేం తినాల?”

ఆఫీసరు గారి నవ్వు ఆగిపోయింది. గోతం కేసులో రాసేశారు, రేపు పై అధికారి సంతకం పెడితే తప్ప వదలడానికి లేదు. “కటింగ్ షాపుల్లో ఇంకో గోతం తెచ్చుకోండమ్మా” అన్నారు.

“ఈ పొద్దు మంగళవారం సార్. ఏ షాపు తెరుస్తారు?”

కోటమ్మ చూపు తిరిగి తిరిగి నా నెత్తి మీద ఆగింది. “వాగు దిక్కు మూల కప్పితే చాలన్నా. పందులు అటునుంచే వస్తాయి” అంది, బియ్యం సరిపోతాయో లేదో చూసే మనిషిలా.

నేను ఆఫీసరు గారి వైపు ఆశగా చూశాను. ఆయన టోపీ తీసి చూపించారు. లోపల నున్నటి నేల; గడ్డి మొలిచే సూచన లేదు. పశువైద్యుడు గారికి అర్జెంటుగా ఎవరిదో గేదె గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం గురవయ్య కొట్టం ముందు, గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర కింద కూర్చున్నాను. చేను బాగోగులు నా నెత్తి మీదికొచ్చేసరికి గురవయ్య నన్ను ‘సారూ’ అనడం మానేసి చుట్టరికం కలిపాడు.

“కదలబాక బావా! గొర్రె నయం, నీకన్నా కుదురుగా ఉంటాది.”

అప్పుడే మార్కాపురం నుంచి పత్రిక డెస్కు వాళ్ల ఫోను. “ఎలుగుబంటి వార్త ఆపమన్నారంట, ఏంది సార్? ఆధారం దొరకలేదా?”

“దొరికింది నాయనా.”

“యాడ?”

“నా నెత్తి మీద. ఇప్పుడే కత్తిరిస్తా ఉండారు.”

ఇంటికి చేరేసరికి మా ఆవిడ తలుపు తీసి కెవ్వుమంది. మంగళవారం పూట గుండుతో వచ్చిన మొగుణ్ణి చూస్తే ఏ ఇల్లాలైనా అంతే. “అయ్యో, ఎవరు పోయినారండీ?”

“నా పరువు” అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే చాలు, పందులన్నీ వరసగా కూర్చుని కోటమ్మ శనక్కాయలు ఒలుచుకుని తింటున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే కోటమ్మ ఫోను. ఎత్తాను.

“అన్నా, పందులు వచ్చినయి. వాగు దిక్కు నుంచే వచ్చినయి. జాడలు చూసినాం. నీ జుట్టు కాడిదాకా వచ్చి, వాసన చూసి, అట్లనే ఎనక్కి తిరిగి పోయినయి. ఒక్క చెట్టు గూడా తాకలేదు.”

నా కళ్లు చెమర్చాయి. బోడిగుండు మీద చెయ్యి వేసుకుని, గోడ మీది దేవుడి పటాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఆటోలో పక్కవాడి గోతంలో చెయ్యి పెట్టను. రైతు చెప్పే మాట పూర్తిగా వినకుండా ఫోను తీయను. అడవి జంతువుల వెంట్రుకలు ఏవి దొరికినా, ముందు అద్దం ముందు నిలబడి నా నెత్తితో పోల్చి చూసుకుంటాను.

“అన్నా, ఉండావా?” అంది కోటమ్మ ఫోనులో.

“ఉన్నానమ్మా. ఈ పొద్దు మీ గోతం మీకు ఇచ్చేస్తారు, బాధ పడబాక.”

“అది తెచ్చుకుంటాంలే అన్నా. మా ఆయన చెప్తా ఉండాడు, పందులు బెదిరింది జుట్టుకు కాదంట, నీ రంగు వాసనకంట. మళ్లా ఎప్పటికి పెరుగుతాది?”