డాక్టరమ్మ మాట, నా నోట

నాకు మొదటిసారి రక్తం పడింది చెరుకు సీజన్ నడిమధ్యలో. మా ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తా. ఆ నెలల్లో ఎడ్లబండ్ల వరుస ఫ్యాక్టరీ గేటు నుంచి మా క్వార్టర్ల దాకా ఉండేది. ఆయన ఇంటికి వచ్చే వేళ, పోయే వేళ అంటూ ఉండేది కాదు. నా దగ్గు మొదలై అప్పటికే చాలా రోజులైంది. ఫ్యాక్టరీ చెరుకు పిప్పి దుమ్ము పడడం లేదని మా అత్త, చలికాలం కదా అని నేను, ఏదో ఒకటి అనుకుంటూ గడిపేశాం. ఆ పొద్దున పొయ్యి ముందు కూర్చుని దగ్గితే కొంగు మీద ఎర్రగా పడింది. పక్కనే ఆడుకుంటున్న రెండేళ్ల బిడ్డ చూస్తుందని గబగబా కొంగు మడిచి నడుములో దోపుకున్నాను. దానికి ఏం తెలుస్తుందని? అయినా దాచాను.

సంగతి విని మా ఆయన సెలవు పెట్టాడు. సీజన్‌లో సెలవు అడిగిన కాటా గుమాస్తాను ఆ తర్వాత నేను ఇంకొకరిని చూడలేదు. బస్సులో నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడ దాతల సహాయంతో నడిచే ఒక దవాఖాన ఉండేది. తెల్ల సున్నం వేసిన పొడుగాటి ఇల్లు, ముందర వేపచెట్లు, పక్కన ఒక రేకుల షెడ్డు. లోపల కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. నడివయసు మనిషి, సన్నంగా ఉండేది, చేతికి గడియారం తప్ప ఇంకే నగా లేదు. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి వెలుతురుకు పట్టి చూసి, "క్షయ వ్యాధమ్మా" అన్నది. మాకు అర్థం కాలేదు. పక్కనున్న నర్సు మెల్లగా "టీబీ" అన్నది. మా ఆయన అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

నన్ను వార్డులో ఉంచుకున్నారు. బిడ్డ బోధన్‌లో మా అత్త దగ్గర ఉండిపోయింది. రోజూ ఒక సూది, పిడికెడు గోళీలు. సూది నొప్పి ఓర్చుకోవచ్చు గానీ ఆ గోళీలు కడుపులో పెట్టే తిప్పలు చెప్పలేను. బిడ్డను చూడలేని బాధ దాని మీద ఇంకొకటి. అయినా ఒక నెల గడిచేసరికి జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. అప్పటి నుంచి డాక్టరమ్మ ఏం చెబితే అది దేవుడి మాటే నాకు.

ప్రతి గురువారం మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆమె ఉపన్యాసం ఇచ్చేది. రోగుల వెంట వచ్చినవాళ్లు, సంతకు వచ్చి అటు తిరిగిన పల్లెటూరి ఆడవాళ్లు, చుట్టుపక్కల గల్లీల వాళ్లు వచ్చి జంపఖానా మీద కూర్చునేవారు. మేం రోగులం దూరంగా వేపచెట్టు కింద. డాక్టరమ్మ గోడకు ఊపిరితిత్తుల బొమ్మ తగిలించి ఎంతో శ్రద్ధగా చెప్పేది. కానీ ఆమె తెలుగు పుస్తకాల తెలుగు. "శ్లేష్మంలోని సూక్ష్మజీవులు గాలి ద్వారా వ్యాపిస్తాయి" అనేది. ఆడవాళ్లు బుద్ధిగా తలలూపేవారు. అర్థమైందా అంటే అర్థమైందనేవారు. ఆమె లోపలికి పోగానే ఒకరినొకరు అడిగేవారు, ఇంతకూ ఏం చెప్పిందని.

ఒక గురువారం బాల్కొండ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నన్ను అడిగింది, ఇది ఎవరో చేతబడి చేయిస్తే వచ్చింది కాదా అని. నేను దూరం నుంచే చెప్పాను.

"చేసుడు గీసుడు ఏం లేదు అవ్వా. తెమడల కంటికి కనపడని పురుగులుంటయట. దగ్గినప్పుడు గాలిల కొస్తయి, పక్కోళ్ల ఛాతిల వడ్తయి. అందుకే నోటికి గుడ్డ అడ్డం పెట్టాలె, తెమడ మూత డబ్బల ఉమ్మి కాలవెట్టాలె. మందు నడుమల ఇడిసిపెడితే పురుగు మల్ల లేస్తది."

వెనక్కి తిరిగి చూస్తే డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తప్పు చేసినట్టు లేచి నిలబడ్డాను. ఆమె నవ్వలేదు, కోపపడలేదు. "మళ్లీ చెప్పమ్మా" అన్నది. మళ్లీ చెప్పాను. "ఇన్నాళ్లూ నేను చెబుతున్నది ఇదేనన్నమాట. నాకే ఇప్పుడు బాగా అర్థమైంది" అన్నది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పరీక్షలో నా తెమడలో పురుగు లేదని తేలింది. ఇంటికి పోవచ్చనీ, గోళీలు మాత్రం ఇంకా ఏడాదికి పైగా మింగాలనీ చెప్పింది. ఒక కోరిక కూడా కోరింది. గోళీల కోసం ఎట్లాగూ వస్తావు కనుక గురువారం రా, నేను చెప్పింది మీ మాటల్లో చెప్పిపో అని. నేను చదివింది నాలుగో తరగతి. మా పుట్టినూరు ఏర్గట్లలో పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఆరబోయడం తప్ప ఇంకేమీ తెలియని ఇంటి నుంచి వచ్చినదాన్ని. సరేనని తల ఊపాను కానీ బస్సులో దారి పొడుగునా ఆమె మాటలను మా మాటల్లోకి మార్చుకుంటూనే కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక మా బిడ్డ నన్ను గుర్తుపట్టడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు దానంతట అదే వచ్చి ఒళ్లో కూర్చుంది. మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. వంట పని చెప్పలేదు, రోజూ పాలు కాచి ఇచ్చింది. కానీ నాకొక పళ్లెం, ఒక గ్లాసు వేరే పెట్టింది. నేను తిన్నాక వాటిని పెరట్లో నేనే కడిగి గూట్లో పెట్టుకోవాలి. బిడ్డకు నా చేత్తో ముద్ద పెట్టబోతే పిలిచి పక్కకు తీసుకుపోయేది. పళ్లేల వల్ల ఈ రోగం రాదనీ, నాలో ఇప్పుడు పురుగే లేదనీ డాక్టరమ్మ చెప్పిన మాట మా ఆయన ఆమెకు రెండుసార్లు చెప్పాడు. ఆమె విని ఊరుకుంది. పళ్లెం మాత్రం గూట్లోనే ఉండిపోయింది.

మా వెనక గల్లీలో బట్టలు కుట్టే ఒక పెద్దావిడ ఉండేది. మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. నేను గురువారం ఒంటరిగా బస్సెక్కడం చూసి, మోకాళ్ల నొప్పులకు మందు తెచ్చుకుంటానని తోడు బయలుదేరింది. షెడ్డులో బుర్ఖాలు వేసుకున్న ఆడవాళ్లు కూడా వెనక వరుసలో కూర్చునేవారు. వాళ్లకు నా తెలుగు సగమే అందేది. ఖాలా ఊరుకోలేక లేచి వాళ్లకు ఉర్దూలో చెప్పింది. అప్పటి నుంచి అదే పద్ధతైంది. డాక్టరమ్మ ఒక ముక్క చెబితే, నేనొక ముక్క, ఆ తర్వాత ఖాలా. డాక్టరమ్మ చెప్పింది ఒక్క మాటైతే ఖాలా దగ్గరికి వచ్చేసరికి అది పది మాటలయ్యేది. అంతసేపు ఏం చెబుతున్నావని డాక్టరమ్మ ఒకసారి అడిగింది. మొగుళ్లను ఇంట్లో బీడీ తాగనివ్వొద్దని కూడా చెబుతున్నానన్నది ఖాలా. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, అది తను మరిచిపోయానని ఒప్పుకుంది.

మరుసటి ఏడాది దవాఖానలో ఫోటో తీసే మిషను పూర్తిగా పాడైపోయింది. ఎవరికి ఛాతీ ఫోటో కావాలన్నా హైదరాబాద్ పంపాల్సి వచ్చేది. పొమ్మన్నవాళ్లలో సగం మంది పోకుండా ఇంటికే తిరిగిపోయేవారు. కొత్త మిషను కోసం ఒక ఆదివారం దవాఖాన ముందరే మేళా పెడదామని పెద్దమనుషులు నిశ్చయించారు. పసుపు కళ్లాలు ముగిసిన రోజులవి. బాల్కొండ, భీమ్‌గల్ రైతులు బస్తాలకు బస్తాలు పసుపు తెచ్చి వేలానికి పెట్టారు. బోధన్ నుంచి ఒక మరాఠీ వ్యాపారి బండెడు బెల్లం దింపించాడు. షామియానా వేసినవాళ్లు కిరాయి వద్దన్నారు. ఆడవాళ్లం తలా ఒక తినుబండారం చేసి అమ్మాలి. నేను రెండు రోజులు కూర్చుని సకినాలు, గరిజెలు చేశాను. నేను చేస్తుంటే మా అత్త పిండి విసిరిచ్చింది, నూనె కాచింది. ఒక్కటి మాత్రం నోట్లో వేసుకోలేదు.

అమ్మకాలు మొదలుకాకముందు డాక్టరమ్మ మైకు ముందర నాలుగు మాటలు చెప్పి, నన్ను పిలిచింది. షెడ్డులో ముప్పై మందికి చెప్పడం వేరు. ఆ రోజు నిజామాబాదు అంతా అక్కడే ఉన్నట్టనిపించింది. ఏం చెప్పాలో ముందు అనుకున్నదంతా మరిచిపోయాను.

"నాకు టీబీ వచ్చింది" అన్నాను. మైకులో నా గొంతు నాకే ఎవరిదో లాగా వినిపించింది. "రక్తం వడ్డది. సస్త అనుకున్న. నా బిడ్డ నన్ను మరిసిపోతది అనుకున్న. గీ దవాఖానల ఫోటో తీసి ముందుగాల్నే పట్టిండ్రు కాబట్టి బతికిన. గా మిషన్ ఇప్పుడు లేదు. నా అసోంటోళ్లు వస్తే ఎట్ల పట్టాలె? గందుకే అడుగుతున్న."

కిందికి దిగాక డాక్టరమ్మ నా భుజం మీద చేయి వేసింది. నేను పోయి నా బల్ల వెనక నిలబడ్డాను. చుట్టూ అన్ని బల్లల దగ్గరా జనం. నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి సకినాలు చూశారు, నా ముఖం చూశారు, పక్కకు జరిగారు. ఒకామె తన కొడుకు చేయి పట్టి వెనక్కి లాగింది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. మైకులో ఆ మాట ఎందుకు చెప్పానా అని నా మీద నాకే వచ్చింది. ఖాలా పక్క బల్ల మీద తన ఖుబానీ మీఠా అమ్ముకుంటూ ఇటే చూస్తోంది. వస్తానన్నట్టు లేచింది. వద్దని తల ఊపాను. ఆమె అమ్మకం కూడా చెడగొట్టడం ఇష్టం లేకపోయింది.

అప్పుడు జనంలోంచి మా అత్త వచ్చింది. ఆమె వస్తున్నట్టు నాకు తెలియదు. మా ఆయన వెనకాల ఉన్నాడు, చంకలో బిడ్డ. ఆమె నా బల్ల ముందున్న బెంచీ మీద కూర్చుని, పైట సర్దుకుని, పళ్లెంలో పెట్టివ్వమన్నది. నేను కదలకుండా చూస్తూ నిలబడ్డాను. మళ్లీ అడిగింది. రెండు సకినాలు, ఒక గరిజె పెట్టాను. విరిచి ఒక ముక్క తను తిన్నది, ఒక ముక్క బిడ్డ నోట్లో పెట్టింది. అక్కడే నిలబడ్డ ఒకామె, ఇవి ఆ మైకులో మాట్లాడిన ఆమె చేసినవేనా అని అడిగింది.

"నా కోడలు చేసినయే" అన్నది మా అత్త. "నువ్వు ఇన్నవ్ గద ఆమె చెప్పింది. నా కొడుకు ఎన్నిసార్లు చెప్పినా నేను ఇనలె. ఇయ్యాల ఇన్న. తిను, ఏం గాదు."

అడిగినామె తిన్నది. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. పొద్దు వాలకముందే నా గంపలు ఖాళీ అయినాయి. చివరికి డాక్టరమ్మ తిందామని వస్తే పొడే మిగిలింది. ఆమె అదే చేతిలో వేసుకుని తిన్నది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అత్త నా పక్కన కూర్చుంది. బిడ్డ ఆమె ఒళ్లో నిద్రపోయింది. దారి పొడుగునా చెరుకు తోటలు. ఆమె కిటికీ బయటికి చూస్తూ తన చెల్లె సంగతి చెప్పింది. ఆ చెల్లె ఉన్నదని కూడా నాకు అంతవరకు తెలియదు. పదహారేళ్లప్పుడు ఇదే రోగం వచ్చిందట. ఊరివాళ్లు ఉండనివ్వకపోతే చేను గట్టు మీద గుడిసె వేశారట.

"రోజూ నేనే సద్ది తీస్కపోయి దూరం పెట్టి వచ్చేదాన్ని. అక్కా, జర దగ్గర కూసో అనేది. మా అవ్వ కొడ్తదని పోకపోయేదాన్ని. ఒకనాడు పోతే సద్ది గట్లనే ఉన్నది." ఒళ్లో జారుతున్న బిడ్డ తలను సర్దింది. "నువ్వు గట్ల మైకుల మాట్లాడుతుంటే గదే యాదికి వచ్చింది బిడ్డా."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఇంతకాలం ఆమె నా పళ్లెం వేరే పెట్టింది రోతతో కాదు, భయంతో అని తెలిసింది. బోధన్ వచ్చిందాకా ఆ చేయి వదలలేదు.

కొత్త మిషను ఆ ఏడే వచ్చింది. మేళాలో వచ్చింది చాలకపోతే ఫ్యాక్టరీ కార్మికులు ఒక రోజు జీతం ఇచ్చారు. తర్వాత దవాఖానకు ఒక జీపు కూడా దొరికింది. డాక్టరమ్మ, నేను, ఖాలా ఆ జీపులో పల్లెలకు తిరిగేవాళ్లం. మా ఏర్గట్లకు పోయినప్పుడు నా చిన్ననాటి ఊరు ముందర నిలబడి "నాకు టీబీ వచ్చింది" అని చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. చెప్పాను. ఆ రోజు ఎవరూ ముందుకు రాలేదు. మర్నాడు మాత్రం పసుపు బస్తాల బండి ఒకటి దవాఖాన ముందు ఆగిందట. బస్తాల నడుమ ఒక నడివయసు మనిషి దుప్పటి కప్పుకుని పడుకుని వచ్చాడట, ఊరివాళ్లు చూడకుండా. ఆయన బాగుపడ్డాడు. తర్వాత ఏటా మా ఇంటికి పసుపు పంపేవాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

పందొమ్మిది వందల డెబ్భైల్లో, వయసు మీదపడి డాక్టరమ్మ తన ఊరికి పోతానన్నది. నిజామాబాద్ స్టేషన్లో పొద్దుటి బండి. ప్లాట్‌ఫారం నిండా ఆడవాళ్లు, తలా ఒక మూట. అన్నిటినీ తీసుకుపోవడం కుదరదని ఆమె బతిమాలుకుంది. నేను ఆమెకు చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. నా ప్రాణం, నా బిడ్డకు తల్లి, నలుగురి ముందు నిలబడే ధైర్యం, మా అత్త మనసు, ఇవన్నీ నాకు ఆమె వల్లే దక్కాయి. ఎంతోమందికి ఆమె మాటలు నేను చెప్పినదాన్ని, నా మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. కాళ్లకు దండం పెట్టబోతే పట్టుకుని లేపింది.

బండి కూత వేసింది. ఆమె తలుపు దగ్గర నిలబడి అందరినీ చూసి, ఎన్నాళ్ల నుంచో నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు మా మాటల్లోనే గట్టిగా అన్నది.

"అందరు మంచిగుండుండ్రి. నేను పోయొస్తిని."

"పోయొస్త అనాలె" అన్నది ఖాలా. డాక్టరమ్మ దిద్దుకుని మళ్లీ అన్నది. అందరం ఏడుస్తూనే నవ్వాం. బండి కదిలింది.