మా మాటలో ఏడ్చిన హీరోయిన్లు

మా మేనత్త పోయింది. భూపాలపల్లిలో పొద్దున్నే టీ పెట్టుకుంటుంటే కొడకండ్ల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పాణం పోయిందే" అన్నాడు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. మా బడి కూడా మూతపడే ఉంది. తోటి పంతులు ఒకాయన బండి వెనక కూర్చుని బయలుదేరాను. దారిలో ఒక చౌరస్తా దగ్గర పిల్లలు బండి ఆపారు. చావుకు పోతున్నామని చెప్పగానే అడ్డం పెట్టిన రాళ్ళు జరిపి దారి ఇచ్చారు.

ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారం వారం వరంగల్ దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకునేది. ఎక్కువ కాలం ఉండదని మా అందరికీ తెలుసు. తెలిసిన చావైతే ఏడుపు తక్కువ వస్తుందనుకున్నాను. అదేమీ ఉండదు.

మా అత్త సినిమాలు చెప్పేది. జనగామకు కూరగాయలు తీసుకుపోయి, అమ్ముడుపోయాక మ్యాట్నీ చూసి వచ్చేది. మర్నాడు పత్తి చేలో ఏరుతూ ఏరుతూ కథంతా చెప్పేది. సినిమా చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పడం మా వైపు మామూలే. కానీ మా అత్తకు పెళ్ళి సినిమాలు, ఫైటింగు సినిమాలు పట్టేవి కావు. హీరోయిన్‌కు బ్లడ్ క్యాన్సరో, గుండెలో రంధ్రమో, కనీసం టీబీ అన్నా ఉండాలి. "జనగామల మంచి రోగం సినిమా ఏదన్న వచ్చిందానే కోడలా?" అని నన్నే అడిగేది.

ఆమె చెబితే హీరోయిన్ మా మాట మాట్లాడేది. తెరమీద "నేను వెళ్ళిపోతున్నానండీ, మీరు జాగ్రత్త" అన్న పిల్ల, మా పత్తి చేలో "నేను పోతున్న, నువ్వు పైలం" అనేది. అక్కడ తెల్ల రుమాలులో రక్తం దగ్గితే ఇక్కడ కొంగులో దగ్గేది. "తెల్ల రుమాలు మనకేడిది?" అనేది అత్త. ఆడవాళ్ళు ఏరిన పత్తితోనే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. గుత్తేదారు అరిచినా వినేవాళ్ళు కాదు.

ఎందుకట్లా మారుస్తావని ఒకసారి అడిగాను.

"సినిమాల మన మాట ఎవలు మాట్లాడుతరే? రౌడీ మాట్లాడుతడు, పనిమనిషి మాట్లాడుతది, జనం నవ్వుతరు. పాణం పోయేటోళ్ళు ఒక్కలన్న మన మాట మాట్లాడిండ్రా? మనకు రోగాలు రావా? మనం సావమా?"

తనకే రోగం వచ్చాక ఆమె కథలు ఇంకా మారాయి. సినిమాలో రోగం వస్తే మొహం తెల్లబడి కళ్ళు పెద్దవవుతాయని, తనకు మాత్రం కాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బాయని నవ్వేది. ఆమె చెప్పే హీరోయిన్లు కూడా ఒళ్ళంతా దురదపెట్టి గోడకు వీపు రాసుకునేవాళ్ళు. దవాఖానకు పోయే ఆటో కోసం ఎండలో నిలబడేవాళ్ళు. "నిజంగ గిట్లనే ఉన్నదా సినిమాల?" అని పక్కింటి ముసలమ్మ అనుమానపడితే, "లేదు. పెట్టాల్సుండె" అంది.

అత్తకు ఒక్కతే బిడ్డ. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదివింది, అక్కడే ఉద్యోగం చేస్తోంది. హాస్టల్లో ఆమె నోరు తెరిస్తే చాలు నవ్వేవాళ్ళట. అందుకే మా మాట మానేసింది. చిన్నప్పుడు తల్లిని "అవ్వా" అని పిలిచిన పిల్ల, ఇంటికి వచ్చినా "అమ్మా, మందులు వేసుకున్నారా?" అనేది. ప్రేమ లేక కాదు. నెలనెలా మందులు తెచ్చేది, ఫోనులో పథ్యం గురించి పోరేది. కానీ అత్తకు అదే బెంగ. ఒకనాడు దవాఖాన నుంచి వస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ నాతోని నర్సు లెక్క మాట్లాడుతదే. నేను పోయిననాడు అది నా మీద వడి, అమ్మా నన్ను వదిలి వెళ్ళిపోయారా అని ఏడిస్తె, ఎవలో పరాయి పిల్ల ఏడ్చినట్టే ఉంటది నాకు."

చచ్చినవాళ్ళకు వినబడదు కదా అనలేం కదా.

ఈ సమ్మె మొదలయ్యాక మా ఊరి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని తిని, బండ్లు ఆపడం. ఆడవాళ్ళు వంకాయలు తరుగుతూ అత్తను సినిమా చెప్పమన్నారు. ఆమె గోనె సంచీ మీద కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది. హీరోయిన్ చచ్చిపోతూ "నాకు జర బయమైతుందే అవ్వా" అనగానే వెనకనున్న కాలేజీ పిల్లలు పక్కున నవ్వారు. అలవాటు.

"నవ్వుండ్రి బిడ్డా" అంది అత్త, కోపం లేకుండానే. "మన మాటను నవ్వనీకే పెట్టిండ్రు ఇన్నొద్దులు. రేపు మీ అవ్వ సచ్చేటప్పుడు గీ మాటతోనే పిలుస్తది. అప్పుడు నవ్వుతరా?"

తర్వాత కథ మళ్ళీ అందుకుంది. కాసేపటికి కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది. నవ్విన పిల్లల్లో ఒకడు మొహం అటు తిప్పుకున్నాడు. నేను విన్న ఆమె ఆఖరి సినిమా అదే.

అత్త పోయిన రోజు బిడ్డ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎవరి కారో పట్టుకుని వచ్చింది. అరుగు మీద పడుకోబెట్టిన తల్లి పక్కన నిలబడి, "ఎప్పుడు పోయారు?" అని అడిగింది. కంట నీరు లేదు. ఇంక ఆమెకు ఆ హాస్టలు మాటే మిగిలిందనుకున్నాను.

స్నానం చేయించి పసుపు రాశాక, పాడె మీదికి లేపే ముందు నోట్లో నీళ్ళు పొయ్యమని పెద్దవాళ్ళు ఆమె చేతికి చెంబు, చెంచా ఇచ్చారు. కిడ్నీలు పోయినవాళ్ళకు నీళ్ళు కొలతే. ఎండాకాలమంతా అత్త పెదాలు తడుపుకుని, ఐసు ముక్క చప్పరించి బతికింది. ఇంకొక్క గుక్క తాగుతానని బతిమాలితే ఫోనులో వద్దని గట్టిగా చెప్పింది ఈ బిడ్డే.

ఆమె చెంచా పక్కన పెట్టేసింది. తల్లి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని చెంబే పెదాలకు ఆనించింది.

"తాగవే అవ్వా. ఇగ నేను వద్దనను. కడుపునిండ తాగు. తాగే, నా తల్లీ."

నీళ్ళు పెదవుల మీంచి పసుపు మొహం తడుపుతూ, చెవి పక్కగా జారి ఆమె ఒళ్ళోకి పోయాయి. చెంబు ఖాళీ అయ్యింది. "ఇంకిన్ని నీళ్ళు తేండ్రి" అంది. మా తమ్ముడు బిందె తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె మళ్ళీ ముంచింది.