రాయికి ముందు

పోయిన వారం గుంతకల్లు నుంచి ఫోన్ వచ్చింది. మా చరిత్ర మేడం తమ్ముడు. "అక్క పొద్దున్నే పోయిందమ్మా. నీకు చెప్పల్లనిపించింది," అన్నాడు. మొదటి బస్సుకే బయలుదేరాను.

తొంభైల చివర్లో కళ్యాణదుర్గంలో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మాకు చరిత్ర చెప్పేవారు. నీళ్ల సీసాకు తడిగుడ్డ చుట్టి తెచ్చుకునేవారు. పాఠం మొదలుపెట్టే ముందు పుస్తకం మూసి పక్కన పెట్టడం అలవాటు. ఇంగ్లండు మీద అమెరికా వలసల తిరుగుబాటు పాఠం వచ్చిన రోజు, సముద్రంలో పారేసిన టీ పెట్టెల గురించి ఎవరో ఉత్సాహంగా చెప్పబోతే ఆపేశారు.

"అది కడాకు జరిగింది. అంతకు ముందు ఎన్ని తూర్లు అడిగినారో అది చెప్పండి."

ఆ వరుసంతా ఆమె చెప్పారు. వాళ్లను అడగకుండా ఇంగ్లండు పన్ను వేసింది. జనం రాజుకు మొరపెట్టుకున్నారు. జవాబు రాలేదు, సిపాయిలు వచ్చారు. ఆ సిపాయిలకు నీడా తిండీ మీరే చూడాలన్నారు. ఒకరోజు వీధిలో తుపాకులు పేలాయి. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి మమ్మల్ని అడిగేవారు: "ఈడన్నా ఎవరన్నా విని ఉంటే?"

"ఆగిపోయుండేది మేడం," అనేవాళ్లం.

"ఆగిపోయుండేదేమో," అని కిటికీలోంచి బయటికి చూసేవారు. కడాకు ఏమవుతుందో తెలిసి కూడా తర్వాతి మెట్టు కోసం కాచుకునేవాళ్లం. తిరుగుబాటు గొప్పదని ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. చచ్చినవాళ్ల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోయేది.

మన సీమ సంగతి కూడా అట్లాగే చెప్పారు. "పండినా పండకున్నా కిస్తు కట్టల్లంటిరి దొరలు. ఎండిన చేను చూపిస్తే చూడకపోతిరి. ఊరికే కత్తి పట్టుకుంటారా ఎవరన్నా?"

ఆ ఏడు మాకూ వానలు ఆలస్యమయ్యాయి. చివరికి ఒక పదును వాన పడింది. తడి ఆరేలోగా వేరుశనగ వేసుకోవాలి. విత్తనం కోసం నేనూ మా నాయనా మార్కెట్ యార్డు ముందు లైనులో నిలబడ్డాం. ముందు రోజూ నిలబడ్డాం, అంతకు ముందు రోజూ నిలబడ్డాం. మైకులో ఒకటే మాట: "రేపు రండి." మొదట్లో జనం ఆ మాటకు నవ్వేవాళ్లు. తర్వాత తిట్టేవాళ్లు. ఆరోజు మధ్యాహ్నం మూటలతో నిండిన లారీ ఒకటి వెనక గేటు నుంచి బయటికి పోయింది. ఏ పెద్దమనిషి ఇంటికి పోతోందో అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టలేదు.

కాలేజీ వదిలి అటుగా వస్తున్న మేడం ఆగారు. జనం మొహాలు చూశారు. నేరుగా ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లారు.

"బయటికొచ్చి మాట్లాడండి సార్. లేవంటే లేవని చెప్పండి. లోపల కూర్చోవద్దండి."

"మీకెందుకు మేడం? పోయి పాఠం చెప్పుకోండి," అన్నాడు అధికారి. కిటికీ రెక్క మూసుకుంది. కాసేపటికి పోలీసు వ్యాను వచ్చింది.

మా నాయన ఎప్పుడూ ఇంట్లో కూడా గొంతు పెంచిన మనిషి కాదు. అట్లాంటి మనిషి వంగి రాయి తీసుకున్నాడు. మేడం వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"వద్దన్నా."

"ఇడ్సమ్మా. ఎన్ని దినాలని అడుక్కునేది?"

"నీ చేతిలో రాయే వాళ్లకు కావల్ల. అది చూపిచ్చి నువ్వు అడిగిందంతా మర్సిపోతారు."

నాయన వేళ్లు విప్పాడు. రాయి కింద పడింది. కానీ అప్పటికే ఎక్కడినుంచో మరొకటి ఎగిరొచ్చి వ్యాను అద్దం పగిలింది. లాఠీలు లేచాయి. నాయన మీద పడాల్సిన దెబ్బ మేడం భుజం మీద పడింది.

విచారణకు వచ్చిన ఆఫీసరు ఆమెను పిలిపించాడు. రైతులు రాళ్లు రువ్వడంతో గొడవ మొదలైందని రాసి, సంతకం పెట్టమన్నాడు. తోడు వెళ్లిన నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"మీరు రాయి కాడ్నించి మొదలుపెట్టినారు సార్. నేను దానికి ముందు నుంచి చెప్తా, రాసుకోండి," అన్నారు.

ఆయన పెన్ను మూసేశాడు. నెల తిరక్కుండానే మేడంకు గుంతకల్లు బదిలీ అయింది. మా నాయన జైలుకు పోలేదు. రాయి వేశాడని మా పక్క చేను మామను జైల్లో పెట్టారు. తిరిగొచ్చాక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరైనా పలకరిస్తే కళ్లలోకి చూసేవాడు, అంతే.

ఆ తర్వాత మేడం కుడిచేయి భుజం దాటి లేవలేదు. బోర్డు కింది సగంలోనే రాసేవారట. ఇప్పుడు ముదిగుబ్బలో నేనూ సోషల్ చెబుతున్నాను. గతేడాది చూడ్డానికి వెళ్తే, మా బడిలో ఆ పాఠం ఎట్లా చెబుతున్నానో అడిగారు. చెప్పాను. "రాజులైతే పోయినారు గానీ, రేపు రాపో అనే మాట పోలేదు కదమ్మా," అన్నారు. బస్టాండు దాకా వచ్చి సాగనంపారు. నేను ఎవరినైనా తొందరపడకుండా చివరిదాకా వినగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

పోయిన వారం ఆమెను కడసారి సాగనంపి తిరిగి వస్తుంటే దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగింది. విత్తనాల గోదాము ముందు లైనులో మనుషులు లేరు. గేటు నుంచి రోడ్డు దాకా చెప్పులు మాత్రం ఒకదాని వెనక ఒకటి పెట్టి ఉన్నాయి. గోడ మీద ఇద్దరు కూలీలు కొత్త ముళ్లకంచె చుడుతున్నారు. ఎదురు నీడలో వట్టి కాళ్లతో కూర్చున్న రైతులు ఆ పనే చూస్తున్నారు.